నెలాఖరు పది రోజులకు పదమూడు కిలోలు

రేషను కార్డు మీద ఇచ్చే స్టోరు బియ్యం మనిషికి నెలకు 5 కిలోలు. ఆలుమగలు, ఇద్దరు పిలకాయలు ఉన్న ఇంటికి 20 కిలోలు. కూలికి పోయే పెద్దవాళ్ళు రోజుకు 400 గ్రాములు, పిలకాయలు 250 గ్రాములు తింటారనుకుంటే ఆ ఇంట్లో రోజుకు కిలో మూడు వందల గ్రాములు ఉడకాలి. ఆ లెక్కన 20 కిలోలు పదిహేను రోజులకే సరి. మొదటి వారంలో తెచ్చుకున్న బియ్యం 20వ తేదీకల్లా డబ్బా అడుగుకు చేరుతుంది. పని దొరికే నెలల్లో మిగతా పది రోజులకు అంగట్లో కొనుక్కుంటారు. పని లేని నెలల్లో ఒక పూట మానేస్తారు. ఆ పూట ముందుగా మానేసేది ఇంటి ఆడమనిషే.

కందుకూరులో మేం కొందరం కలిసి నడుపుతున్న ఫుడ్ బ్యాంకు పనంతా ఈ పది రోజుల చుట్టూనే తిరుగుతుంది. 2020 లాక్‌డౌన్‌లో కూలీలకు అన్నం పొట్లాలు ఇవ్వడంతో మొదలైంది. తర్వాత నెలనెలా సరుకులిచ్చే పనిగా స్థిరపడింది. ఇలాంటిది మీ ఊళ్ళో పెట్టాలనుకునే వాళ్ళకు పనికొస్తుందని మా పొరపాట్లతో సహా రాస్తున్నాను.

మొదట కిట్టు లెక్క. లాక్‌డౌన్‌లో కట్టిన కిట్టులో బియ్యం 10 కిలోలు, కందిపప్పు కిలో, నూనె అర లీటరు వేసి, సంచి మీద "పదిహేను రోజులకు" అని రాశాం. పైన చెప్పిన లెక్క అప్పుడు వేసి ఉంటే ఆ బియ్యం ఎనిమిది రోజులు కూడా రావని తెలిసేది. మిగతా వారం ఏం తిన్నారని మేం అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. సంచి నిండుగా కనబడితే చాలనుకున్నాం. ఎన్ని రోజులకు, ఎంతమందికి, పూటకు ఎంత అన్నవి ముందు కాగితం మీద తేలాలి. సంచి సంగతి ఆ తర్వాత.

ఇప్పుడు ఇస్తున్నది 13 కిలోల బియ్యం. పది రోజులకు రోజుకు కిలో మూడు వందల చొప్పున సరిపోతుంది. ఈ అంకె కుదరడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2022 జులైలో 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడ్డాక మిల్లులు 26 కిలోల బస్తాలు కుట్టడం మొదలుపెట్టాయి. అంతకుముందు 25 కిలోల బస్తాను పది పదిగా పోస్తే ఐదు కిలోలు మిగిలేవి. ఆ మిగుళ్ళన్నీ కలిపి మళ్ళీ తూచే పనిలో పూటకు ఇద్దరు మనుషులు పోయేవాళ్ళు. 26 కిలోల బస్తాకు సరిగ్గా రెండు కిట్లు. కాకపోతే బస్తా మీద 26 అని అచ్చు ఉన్నంత మాత్రాన లోపల 26 ఉంటాయని నమ్మకూడదు. లోడు దిగగానే ఐదు బస్తాలు కాటా పెట్టి చూస్తాం. నాలుగైదు వందల గ్రాములు తగ్గితే లోడు మొత్తం తూచి, తక్కువైనంత బియ్యం అడిగి తెచ్చుకుంటాం. అడగడానికి మొహమాటపడితే ఆ నష్టం చివరికి తినేవాళ్ళ మీద పడుతుంది.

బియ్యంతో పాటు కందిపప్పు కిలోన్నర, పెసరపప్పు అరకిలో, నూనె లీటరు, ఉప్పు కిలో, చింతపండు అరకిలో, కారం పావుకిలో, పసుపు వంద గ్రాములు, ఎర్రగడ్డలు రెండు కిలోలు వేస్తాం. మొత్తం ఇరవై కిలోలకు కొంచెం తక్కువ. ఆ బరువు దాటనివ్వం. ఒక ఆడమనిషి నెత్తిన పెట్టుకుని కిలోమీటరు నడవగలిగిన బరువు అదే. దాటితే ఆటో ఎక్కాలి. ఉచితంగా ఇచ్చిన కిట్టు కోసం చేతిలో ఉన్న ముప్పై నలభై రూపాయలు ఆటోకు పెట్టించడం న్యాయం కాదు.

కిట్టులో అసలు విలువైనవి పప్పు, నూనె. ఎట్లాగో తంటాలు పడి బియ్యం సంపాదించుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. పప్పు మాత్రం నెలల తరబడి కొనరు. స్టోరు బియ్యంలో నాలుగైదు కిలోలు అమ్ముకుని ఆ డబ్బుతో నూనె పొట్లం కొనేవాళ్ళను చూసి జనం తప్పుపడతారు. ఒట్టి అన్నం ఎన్నాళ్ళు తింటారో ఆ తప్పుపట్టేవాళ్ళే చెప్పాలి. దాతల్లో ఎక్కువమంది బియ్యమే ఇస్తామంటారు. బస్తా కంటికి ఆనుతుంది కదా. ఇంట్లో బియ్యం ఉంది, పప్పు ఇవ్వండి అని అడగడం మేం నేర్చుకున్నాం.

పప్పు విషయంలో పెద్ద దెబ్బ కనిగిరి, పామూరు వైపు తగిలింది. అక్కడ చాలా బోర్ల నీళ్ళు గడుసువి. అందులో కందిపప్పు గంట ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది. మెత్తబడాలని సోడా వేస్తారు, రుచి పాడవుతుంది. గ్యాసు అయిపోతుందని సగంలో దించేస్తారు, పిలకాయలకు కడుపునొప్పి. మేమిచ్చిన పప్పు పాతదేమోనని మొదట అనుకున్నాం. నిజానికి పాత పప్పూ ఉడకదు, అందుకని తేల్చుకోవడం కష్టమైంది. అదే లోడు పప్పును కందుకూరులో తాగునీళ్ళలో ఉడకబెడితే అరగంటలో మెత్తబడింది. అప్పటినుంచి ఆ వైపు వెళ్ళే కిట్లలో లెక్క తిరగేశాం: పెసరపప్పు కిలోన్నర, కందిపప్పు అరకిలో. కొత్త లోడు దిగినప్పుడల్లా గిద్దెడు పప్పు తీసుకుని ఏ ఊరికి వెళ్తుందో ఆ ఊరి నీళ్ళలోనే ఉడికించి చూస్తాం. ఐదు లీటర్ల క్యానుతో ఆ నీళ్ళు ముందురోజే తెప్పించుకుంటాం.

కట్టడంలో జాగ్రత్తలు చిన్నవే, తప్పితే మాత్రం నష్టం పెద్దది. నూనె పొట్లం విడిగా ఒక కవర్లో ముడివేసి సంచిలో అన్నిటికన్నా పైన పెట్టాలి. అడుగున పెడితే, ఒక్క పొట్లం చిట్లినా 13 కిలోల బియ్యం పనికిరాదు. ఎర్రగడ్డలు ప్లాస్టిక్ కవర్లో వేస్తే రెండో రోజుకే చెమ్మపట్టి కుళ్ళు మొదలవుతుంది, వల సంచిలోనే వేయాలి. చింతపండును ఉప్పు పక్కన వదలకూడదు. రెండూ నీరు లాగుతాయి.

బియ్యం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి కొనడం. రెండోది కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు రైతులు కోతలప్పుడు ఇచ్చే వడ్లు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. మిల్లుకు పోతే కాగితం లెక్కలో నూటికి 67 కిలోల బియ్యం రావాలి. చేతికి వచ్చేది 65 అనుకుని లెక్క వేసుకుంటే మంచిది. పుట్టికి సుమారు 550 కిలోలు, అంటే 42 కిట్లు. పుట్టిలో సగం ఇచ్చిన రైతుకు కూడా రసీదు రాసి, ఆ వడ్లు ఎన్ని ఇళ్ళకు వెళ్ళాయో ఆ లెక్కన చెబుతాం. నగదు అడిగితే వెనకాడే రైతు కళ్ళంలో వడ్లు ఇవ్వడానికి వెనకాడడు. ఇబ్బందల్లా కొత్త బియ్యంతోనే. కోసిన నెలలో ఆడించిన బియ్యం వండితే ముద్దవుతుంది, పిలకాయలకు అరగదు. అందుకని వచ్చినవి వడ్లుగానే నాలుగైదు నెలలు నిలవ పెట్టి, నెలకు కావలసినంతే ఆడిస్తాం. బియ్యం కన్నా వడ్లే పురుగుకు తట్టుకుంటాయి.

నిలవ గది మీద ఎంత రాసినా తక్కువే. మాకు మొదట ఖాళీగా ఉన్న పొగాకు గోడౌను ఒకటి అద్దె లేకుండా దొరికింది. గచ్చు బాగుంది, కప్పు కారదు, లారీ గుమ్మం దాకా వస్తుంది. నలభై రోజుల తర్వాత ఉలవపాడు వైపు ఇచ్చిన కిట్ల గురించి కబురొచ్చింది, అన్నం నోట్లో పెట్టలేకపోతున్నామని. వెళ్ళి ఒక ఇంట్లో గిన్నె మూత తీస్తే ఆవిరితో పాటు పొగాకు కాల్చే బేరన్ దగ్గర నిలబడితే వచ్చే వాసన వచ్చింది. కడిగినా, గంజి వార్చినా పోలేదు. గోడలకు, గచ్చుకు ఏళ్ళ తరబడి పట్టిన పొగాకు ఘాటును బియ్యం పీల్చేసుకుంది. ఇచ్చినవి వెనక్కి తెచ్చి వేరేవి ఇచ్చాం. గోడౌనులో మిగిలిన బస్తాలు పశువుల దాణాకు పోయాయి. పొగాకు, ఎరువులు, పురుగుమందు, ఎండుచేపలు, వీటిలో ఏది ఒకప్పుడు పెట్టిన గది అయినా ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. ఒప్పుకునే ముందు నాలుగు కిలోల బియ్యం గుడ్డ సంచిలో పోసి వారం ఆ గదిలో ఉంచి వండి చూడండి.

ఇప్పటి గదిలో బస్తాలన్నీ చెక్కబల్లల మీద ఉంటాయి. గోడకు అడుగున్నర వదిలి, వరసకు ఎనిమిది బస్తాలకు మించకుండా పేరుస్తాం. గోడకు ఆనిస్తే వానాకాలం చెమ్మ లాగుతుంది, ఎలుక ఎక్కడుందో కనబడదు. మా వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలు వారానికోసారి ప్రతి వరసలో ఒక బస్తా కుట్టు విప్పి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తాం. లోపల వెచ్చగా తగిలితే ముక్కుపురుగు పుట్టినట్టే, కంటికి కనబడడానికి ఇంకో వారం పడుతుంది. ఆ బస్తాను వెంటనే వేరు చేసి, నీడలో పలచగా పోసి, జల్లించి, ఆ వారమే వాడేయాలి. ఎండలో పోస్తే గింజ బీటలు వారి నూకవుతుంది. పురుగుకు గోడౌన్లలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు మేం గదిలోకే రానివ్వం. దాని నుంచి వచ్చే ఫాస్ఫీన్ గ్యాసు మనుషుల్ని చంపుతుంది. అది లైసెన్సు ఉన్నవాళ్ళు, మనుషులు మసలని చోట చేయాల్సిన పని. ప్రతి బస్తాకు చీటీ కుట్టి ఉంటుంది: వచ్చిన తేదీ, ఎక్కడినుంచి, ఎంత బరువు. ముందొచ్చింది ముందు వెళ్ళాలి. ఈ ఒక్క నియమం తప్పకపోతే పురుగు బాధ సగం పోతుంది.

గడువు దగ్గరపడ్డ సరుకు ఇచ్చే దాతలుంటారు. ఒకసారి ఒక దుకాణం నుంచి బిస్కెట్లు అట్టపెట్టెలతో వచ్చాయి. విప్పి చూస్తే గడువు ఆరు రోజులే ఉంది. ఆరు రోజుల్లో మేం పంచలేం. అలాంటివి గుమ్మం దగ్గరే వద్దనాలి. మా లెక్క ఇది: పొడి సరుకుకు కనీసం రెండు నెలల గడువు ఉండాలి. మనం అంగట్లో కొననిది ఇంకొకరికి ఇవ్వకూడదు.

ఇంతకన్నా కష్టమైనది జాబితా. ఊళ్ళోకి వెళ్ళి "పేదవాళ్ళెవరు?" అని అడిగితే ఆ ఊరి పెద్దమనిషి తన పొలంలో పనిచేసే ఇళ్ళ పేర్లు చెబుతాడు. అబద్ధం చెప్పాడని కాదు, ఆయనకు కనబడేది వాళ్ళే. కనబడని వాళ్ళే మాకు కావాలి. రొయ్యల గుంటల కాపలాకు గట్టు మీద గుడిసె వేసుకున్న యానాది గిరిజన కుటుంబం ఏ వీధిలోనూ ఉండదు. ఆధార్ లేదు, కార్డు లేదు, గుంట మారితే గుడిసె మారుతుంది. చీమకుర్తి గ్రానైట్ పనికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు క్వారీ పక్కన రేకుల గదుల్లో ఉంటారు. మొగుడు వదిలేసిన ఆడమనిషి పేరు అత్తగారింటి కార్డులోనే ఉండిపోతుంది. స్టోరు బియ్యం అక్కడికి పోతుంది, ఆమె ఇక్కడ పుట్టింట్లో ఉంటుంది.

అందుకని ఒక ఊరికి మూడు జాబితాలు తీసుకుంటాం, ఒకరి జాబితా ఇంకొకరికి చూపించం. ఒకటి పొదుపు సంఘం వాళ్ళది. రోజుకు రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి ఉద్యమం పుట్టింది నెల్లూరు జిల్లాలోనే. ఏ ఇంట్లో ఈ నెల పొదుపు కట్టలేదో సంఘం ఆడవాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు. రెండోది అంగన్‌వాడీ టీచరుది, బరువు పెరగని పిలకాయల ఇళ్ళు ఆమెకు తెలుసు. మూడోది చిల్లరంగడి వాళ్ళది. అప్పు ఆపేసిన ఇళ్ళు ఏవో వాళ్ళనే అడగాలి. మూడింటిలోనూ ఉన్న పేర్లు నేరుగా రాసుకుంటాం. ఒక్కదానిలోనే ఉన్న ఇంటికి మనిషి వెళ్ళి చూసి వస్తాడు. చాలాసార్లు అసలు అవసరం ఆ ఒక్క పేరు దగ్గరే ఉంటుంది.

ఇంటికి వెళ్ళినప్పుడు అడిగే తీరు కూడా నేర్చుకోవలసిందే. "ఇంట్లో బియ్యం ఉందా?" అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. "నిన్న రాత్రి ఏం కూర చేశావు పెద్దమ్మా?" అని అడగాలి. పచ్చిపులుసు అని చెప్పి, మొన్న కూడా పచ్చిపులుసే అంటే అర్థం చేసుకోవాలి. "ఆకలి కాలేదులే అబ్బయ్యా, పడుకున్నా" అంటే ఆ పేరు ముందు రాసుకోవాలి. డబ్బా మూతలు తీసి చూడడం మాత్రం ఎవరూ చేయకూడదు. మాలో ఒకరు అలా చేస్తే ఆ ఇంటి ఆమె మరుసటి నెల టోకెన్ తీసుకోలేదు.

జాబితా ఏడాది పొడుగునా ఒకటే ఉండదు. తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పడవల మీద వేటకు పోయేవాళ్ళకు ప్రభుత్వ సాయం అందుతుంది. చేపలు ఎండబెట్టే, గంపల్లో పెట్టి అమ్మే ఆడవాళ్ళకు ఆ రెండు నెలలూ ఏమీ ఉండదు. అప్పుడు రామాయపట్నం, పాకల వైపు కిట్లు పెంచుతాం. పొగాకు పని అయిపోయాక కొండపి వైపు, నవంబరు, డిసెంబరు ముసురులో యానాది గుడిసెల వైపు పెంచుతాం. రెండో పంట వరి, అంటే ఎడగారు, తక్కువ వేసిన ఏడాది నాట్ల కూలీ పోతుంది కాబట్టి సోమశిల జలాశయంలో నీళ్ళెన్ని ఉన్నాయో కూడా మేం చూసుకుంటూ ఉంటాం.

పంపిణీ 19, 20 తేదీల్లో. స్టోర్లో 15 దాకా బియ్యం ఇస్తారు కాబట్టి అంతకుముందు ఇస్తే రెండూ ఒకేసారి వచ్చి నెలాఖరుకు మళ్ళీ ఖాళీ. ముందురోజు సాయంత్రం ఇంటింటికీ టోకెన్ ఇచ్చి వస్తాం. టోకెన్ మీద పేరు ఉండదు, నంబరూ సమయమూ ఉంటాయి. పావుగంటకు పదిమంది. వరస నిలబడదు, ఎండలో ముసలివాళ్ళు పడిపోరు. ఫోటోలు తీయం. ఫోటో లేకపోతే డబ్బులివ్వమన్న దాతలున్నారు. వాళ్ళకు కాటా మీద కిట్టు ఫోటో, జాబితా లెక్క, బిల్లులు పంపుతాం. ఒప్పుకున్నవాళ్ళు ఒప్పుకున్నారు, లేనివాళ్ళు లేదు. కాటా గుమ్మం దగ్గరే పెడతాం, కావాలన్న వాళ్ళు తూచుకుంటారు.

టోకెన్ ఇచ్చేటప్పుడే ఇంకో మాట చెప్పి వస్తాం. స్టోరు బియ్యంలో వేరేగా కనబడే గింజల్ని ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్నారు. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన బలవర్ధక గింజలు. నూరు కిలోలకు కిలో చొప్పున కలిపినవి. బాలింతలకు, ఎదిగే ఆడపిల్లలకు కావలసిందే అది. గుప్పెడు ఏరి అక్కడే ఉడికించి చూపిస్తే గానీ నమ్మరు. అందుకని అలాగే చూపిస్తాం.

వండిన అన్నం సంగతి కొంచెం చెప్పాలి. పెళ్ళిళ్ళ సీజన్లో కళ్యాణమండపాల నుంచి రాత్రి పదింటికి ఫోన్లు వస్తాయి. మిగులు ఆహారం పంచడానికి 2019లో ఆహార భద్రతా సంస్థ నిబంధనలు తెచ్చింది. మేం ముఖ్యంగా చూసేది వేడి. వేడి పదార్థం 60 డిగ్రీల పైన ఉండాలి. మేం థర్మామీటరు గుచ్చి చూసి, తక్కువుంటే తీసుకోం. వడ్డించిన బల్లల మీది గిన్నెలు అసలు తీసుకోం, వంటశాలలో ఉన్నదే తీసుకుంటాం. కొబ్బరి చట్నీ, పెరుగన్నం, మాంసం కూర వద్దంటాం. సాంబారు, పప్పు, అన్నం తీసుకుని రెండు గంటల్లో ముట్టజెప్పాలి. పులిహోర చింతపండు వల్ల కొంచెం ఎక్కువసేపు ఆగుతుంది. అన్నం వేడిగా ఉండగా ప్లాస్టిక్ సంచిలో కడితే ఆవిరి దిగి గంటన్నరకే జిగట వస్తుంది, మూత ఉన్న స్టీలు క్యాన్లే వాడాలి. ఆషాఢం రాగానే ఈ ఫోన్లు ఆగిపోతాయి కాబట్టి దీన్ని నమ్ముకుని ఏ ఇంటికీ మాట ఇవ్వకూడదు.

తుఫాను కిట్టు వేరు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయినప్పుడు మా దగ్గర బియ్యం నిండుగా ఉంది. కానీ పొయ్యి వెలిగించలేని ఇళ్ళకు బియ్యం ఇచ్చి ఏం లాభం? కట్టెలు తడిశాయి, సిలిండరు నీళ్ళలో ఉంది. అప్పటినుంచి అక్టోబరు మొదట్లోనే బొరుగులు, అటుకులు, వేయించిన శనగపప్పు, శనక్కాయలు, బెల్లం తడవని సంచుల్లో కట్టి విడిగా పెడతాం. ఇంటికి మూడు రోజులకు సరిపడా. జనవరి వచ్చేసరికి వాడకపోతే అంగన్‌వాడీలకు ఇచ్చేస్తాం. బొరుగులు మెత్తబడతాయి, ఇంకో ఏడాది ఆగవు.

ప్రతి నెలా 25న జాబితా ముందు పెట్టుకుని కూర్చుంటాం. పేరు కొట్టేయాలంటే పక్కన కారణం రాయాలి. కారణాలు మూడే: కార్డు వచ్చింది, పని దొరికింది, ఊరు వదిలారు. వేలిముద్రలు పడక బియ్యం ఆగిన ముసలివాళ్ళకు ఆధార్ కేంద్రానికి తోడు వెళ్ళి ముద్రలు మళ్ళీ వేయించడం, పుట్టింటికి వచ్చేసిన ఆడమనిషి పేరు విడదీయించడం లాంటి పనులు మాలో ఇద్దరికి అప్పజెప్పాం. అలా ఒక్క పేరు తగ్గితే నెలకు 13 కిలోలు ఇంకో ఇంటికి వెళ్తాయి. ఊరు వదిలిన పేరు దగ్గర మాత్రం ఆగుతాం. ఎక్కడికి వెళ్ళారో రాసి, ఆ ఊరి స్టోర్లో కూడా ఇదే కార్డు నడుస్తుందని వాళ్ళకు చెప్పామా లేదా అన్నదానికి ఇంకో గడి ఉంది. ఆ గడిలో టిక్కు పడేదాకా పేరు కొట్టేయం.